కొన ముందు, వేరు వెనక



పొద్దున ఇంట్లోంచి బయల్దేరే ముందు ఒక చిన్న పని చేసి వచ్చాను. మా వంటింటి కిటికీలో ఒక గాజు సీసా ఉంది. సీసా గోడకూ తడి కాగితానికీ మధ్య నాలుగు పెసర గింజలు ఇరికించి మూడు రోజులైంది. ఒక్కో గింజ నుంచి అంగుళం పొడవున తెల్లటి వేరు తూచినట్టు నిటారుగా కిందికి దిగింది. ఆ సీసాకు మూత బిగించి, అడ్డంగా పడుకోబెట్టి, దొర్లిపోకుండా అటొక పుస్తకం ఇటొక పుస్తకం ఆనించి వచ్చాను. దాని సంగతి చివర్లో చెబుతాను.

తెలుగులో ఒక తమాషా ఉంది. వేలుకూ వేరుకూ బహువచనం ఒకటే. రెంటినీ వేళ్ళు అనే అంటాం. వేళ్ళు చూపించమంటే పిల్లవాడు చెయ్యి చాపాలో మొక్క పీకాలో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. ఈ గొడవ పడలేక వేర్లు అనేవాళ్ళు కూడా ఉన్నారు. వ్యాకరణం వాళ్ళకు ఇది చిక్కేమో గానీ, ముప్పై ఏళ్ళు వృక్షశాస్త్రం పాఠం చెప్పిన నాకు మాత్రం ఎంతో కలిసొచ్చింది. కరెంటు పోయిన రాత్రి గోడ తడుముకుంటూ అగ్గిపెట్టె కోసం వెతికే చేతివేలు ఎలా ఉంటుందో తలుచుకోండి. వేరు కొన కూడా మట్టిలో అలాగే ఉంటుంది.

రేడియోలో బొమ్మ గీయడం కుదరదు కాబట్టి మీ చూపుడువేలునే బొమ్మ చేసుకుందాం. వేలు కిందికి చూపించండి. నేలకు తగిలే ఆ చివరి మెత్తని భాగం తొడుగు. దానికి కాస్త పైన, గోరు ఉన్న మేర, కొత్త కణాలు పుట్టే చోటు. మొదటి కణుపు చుట్టుపక్కల ఆ కణాలు సాగి పొడవయ్యే చోటు. ఇంకా పైన, రెండో కణుపు దాటాక, సన్నటి నూగు మొదలవుతుంది. పెసర మొలకలో ఈ మొత్తం కలిపి సెంటీమీటరుకు అటూ ఇటూ. మర్రిచెట్టు వేరైనా సరే, కొనలో పని చేసే భాగం అంతకంటే పెద్ద ఎక్కువేమీ ఉండదు. దాని వెనక మైళ్ళ కొద్దీ ఉండేదంతా గొట్టం, తాడు. నీళ్ళు మోస్తుంది, చెట్టు పడిపోకుండా పట్టుకుంటుంది. కొత్త చోటికి వెళ్ళే శక్తి మాత్రం దానికి లేదు.

వేరు కొనతో నీళ్ళు తాగుతుందని చాలామంది అనుకుంటారు. నా విద్యార్థుల్లో సగం మంది పరీక్షలో అలాగే రాసేవారు. కొన లెక్కలోకి వచ్చేంత నీరేమీ తాగదు. దాని పని వెళ్ళడం. తాగే పని వెనకొచ్చే నూగుది. ఈ ఒక్క తేడా మనసులో పెట్టుకుంటే నారు పీకడం దగ్గర్నుంచి కొబ్బరిచెట్టుకు ఎరువు వేయడం దాకా చాలా సంగతులకు అర్థం దొరుకుతుంది.

ముందు తొడుగు సంగతి. బట్టలు కుట్టే దర్జీ సూది గుచ్చుకోకుండా వేలికి ఇనుప తొడుగు పెట్టుకుంటాడు చూడండి, అలాంటిదే. ఇసుక రేణువులు, గులకరాళ్ళు ఒరుసుకుపోతుంటే వెనకున్న లేత కణాలు చితికిపోకుండా కాస్తుంది. ఉల్లి, పెసర వేళ్ళలో ఇది కంటికి ఆనదు. కళ్ళారా చూడాలంటే మొగలిపొద దగ్గరికి వెళ్ళండి. కాండం నుంచి గాల్లోకి దిగే ఊతవేళ్ళ చివర ఒకదాని మీద ఒకటి తొడిగిన టోపీల్లా పొరలు పొరలుగా కనిపిస్తుంది. కాలవలో గుర్రపు డెక్క పీకినా సరే. నల్లటి ఈకల్లాంటి వేళ్ళ చివర సన్నటి సంచులుంటాయి. గోటితో లాగితే పెన్ను మూత ఊడినట్టు ఊడొస్తాయి. నిక్కచ్చిగా చెప్పాలంటే అది తొడుగు కాదు, తొడుగుకు బదులుండే సంచి. ఒకసారి ఊడితే మళ్ళీ రాదు. నీళ్ళలో తేలే మొక్కకు రాళ్ళ భయం లేదు కదా.

మట్టిలో తిరిగే వేరుకు అలా కుదరదు. దాని తొడుగు రోజూ అరుగుతుంది, రోజూ లోపలి నుంచి కొత్తది పుడుతుంది. అరిగేటప్పుడు బెండకాయ జిగురు లాంటి పదార్థం వదులుతుంది. ఆ జారుడు మీదే కొన ముందుకు సాగుతుంది. మొక్కజొన్న వేరు ఒక్కటే ఒక్క రోజులో వేల కణాలను ఇలా రాల్చేస్తుంది. విచిత్రం ఏమిటంటే, రాలిన కణాలు చాలా వరకు చచ్చినవి కావు. మట్టిలో పడ్డాక కూడా కొన్నాళ్ళు బతికే ఉంటాయి. తెగుళ్ళు తెచ్చే సూక్ష్మజీవులు కొనను పట్టుకోబోతే వాటిని జిగురులో ఇరికించి ఆపుతాయి. సైన్యం నడిచే దారిలో ముందుగా కాపలాదారులను వదిలి వెళ్ళినట్టన్నమాట.

ఇప్పుడు అసలు ప్రశ్న. గింజను ఎలా పడేసినా వేరు కిందికే ఎందుకు వెళ్తుంది? తిరుమల బ్రహ్మోత్సవాలకు ముందు అంకురార్పణ చేస్తారు. పాలికల్లో మట్టి పోసి నవధాన్యాలు చల్లుతారు. ఏ గింజ ఏ పక్కకు పడిందో ఎవరూ చూడరు. తలకిందులుగా పడినవి కొన్ని, పక్కకు ఒరిగినవి కొన్ని. అన్నిటి వేళ్ళూ కిందికే, అన్నిటి మొలకలూ పైకే. మట్టిలోపల వెలుతురు లేదు, చెప్పేవాళ్ళు లేరు. మరి కింద అంటే ఏదో ఎలా తెలుస్తుంది?

1806లో ఇంగ్లండులో థామస్ ఆండ్రూ నైట్ అనే ఆయన తన తోటలో పారే చిన్న వాగుకు ఒక చక్రం అమర్చాడు. దాని అంచున చిక్కుడు గింజలు కట్టి, నిమిషానికి 150 చుట్లు తిరిగేలా వదిలిపెట్టాడు. కొన్నాళ్ళకు చూస్తే వేళ్ళన్నీ చక్రం బయటి వైపుకు, మొలకలన్నీ ఇరుసు వైపుకు పెరిగాయి. గింజలకు భూమి లాగే దిక్కు ఎప్పటికప్పుడు మారిపోతోంది. నిలకడగా ఉన్నది చక్రం బయటికి విసిరే బలం ఒక్కటే. వేరు దాన్నే నమ్మి 'కింద' అనుకుంది. వేరుకు నేల మీద భక్తి ఏమీ లేదు, బరువు ఎటు లాగితే అదే దానికి కింద అని దీంతో తేలింది. అంత సులువైన ఏర్పాటుతో అంత పెద్ద ప్రశ్నకు జవాబు రాబట్టిన ప్రయోగాలు సైన్సులో తక్కువని నా అభిప్రాయం.

బరువును పసిగట్టేది వేరులో ఏ చోటు? 1872లో పోలండుకు చెందిన చెసెల్‌స్కీ వేళ్ళ కొనలు కోసేసి చూశాడు. కొన పోయిన వేరు పెరిగింది గానీ అడ్డంగా పెడితే వంగలేదు. కొద్ది రోజులకు కొత్త కొన వచ్చింది, మళ్ళీ వంగింది. ఆ తర్వాత చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ ఇదే పట్టుకుని ఇంట్లోనే వరుసగా ప్రయోగాలు చేశారు. మొక్కల కదలికల మీద 1880లో వేసిన పుస్తకం చివర్లో డార్విన్ వేరు కొనను చిన్న జంతువుల మెదడుతో పోల్చాడు. జర్మనీలో ఆనాడు వృక్షశాస్త్రానికి పెద్దదిక్కయిన యూలియస్ సాక్స్‌కు ఇది మింగుడుపడలేదు. ప్రయోగశాల లేని పల్లెటూరి పెద్దమనిషి చేసిన పని అని తీసిపారేశాడు. మెదడు అన్న మాట కొంత ఎక్కువే అని నాకూ అనిపిస్తుంది. పసిగట్టేది కొనే అన్న విషయంలో మాత్రం పల్లెటూరి పెద్దమనిషే గెలిచాడు.

ఎలా పసిగడుతుందో 1900లో తెలిసింది. ఆస్ట్రియాలో హాబర్‌లాంట్, ప్రాగ్‌లో నేమెత్స్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఒకే ఏడాది ఒకే మాట చెప్పారు. మన గోళీ సోడా సీసా గుర్తుందా? సీసా పక్కకు వంచితే లోపలి గోళీ పక్కకు దొర్లుతుంది. తొడుగు నడుమ ఉన్న కణాల్లో సరిగ్గా అలాంటి గోళీలున్నాయి. అవి పిండిపదార్థం గట్టిగా కూరిన గుండ్రటి రేణువులు. చుట్టూ ఉన్న ద్రవం కంటే బరువు కాబట్టి కణం అడుగున చేరి కూర్చుంటాయి. వేరును అడ్డంగా పెడితే కొద్ది నిమిషాల్లోనే దొర్లి కొత్త అడుగుకు చేరతాయి. ఆ కదలిక కణానికి కబురు. పిండిరేణువులు సరిగా లేని మొక్కలను కూడా శాస్త్రవేత్తలు పెంచి చూశారు. అవి కూడా వంగుతాయి, కానీ చాలా బద్ధకంగా.

కబురు అందాక జరిగేది ఆక్సిన్ అనే హార్మోను పంపకం. అడ్డంగా పడుకున్న వేరులో అది కింది పక్కకు ఎక్కువగా చేరుతుంది. కాండంలో ఆక్సిన్ ఎక్కువైతే కణాలు ఇంకా సాగుతాయి. వేరులో తిరకాసుగా సాగడం తగ్గుతుంది. కింది పక్క కణాలు నెమ్మదిస్తే పై పక్క కణాలు ముందుకెళ్తాయి. ఎద్దుల బండికి ఎడమ ఎద్దు నెమ్మదించి కుడి ఎద్దు జోరు చేస్తే బండి ఎటు తిరుగుతుంది? ఎడమకు. వేరు కూడా అంతే, నెమ్మదించిన కింది పక్కకు వంగుతుంది.

మరి బరువే లేని చోట? ఆ ప్రయోగం మన శ్రీహరికోట నుంచి కూడా బయల్దేరింది. 2024 డిసెంబరు 30 రాత్రి పీఎస్‌ఎల్‌వీ సీ60 రాకెట్టు ఎగిరింది. ఉపగ్రహాలను వదిలేశాక ఖాళీగా మిగిలిన దాని నాలుగో దశలోనే ఇస్రో ఒక చిన్న పెట్టె పెట్టి, ఎనిమిది అలసంద గింజలు పంపింది. నాలుగు రోజుల్లో మొలకెత్తాయి. తర్వాత ఆకులు కూడా విచ్చుకున్నాయి. మన ఇంట్లో గుడ్డలో మూటగట్టే బొబ్బర్లే అవి. అక్కడ గోళీలు ఏ పక్కా కూర్చోవు, తేలుతుంటాయి. కింద అన్నది లేనప్పుడు వేరు గింజలో మొదట ఎటు తిరిగి ఉందో అటే పోతుంది, లేదా తడి ఎటుంటే అటు పోతుంది, వెలుతురుకు ఎడంగా పోతుంది.

ఇక తొడుగు వెనక, కొత్త కణాలు పుట్టే చోటు. అది నా ఉద్యోగ జీవితంలో సగం తినేసింది. ఇంటర్మీడియెట్ బోటనీ చదివినవాళ్ళకు తెలుసు, ఉల్లి వేరు కొనలో సమవిభజన ప్రాక్టికల్. ఉల్లిపాయ అడుగు నీళ్ళకు తగిలేలా గ్లాసు మీద నిలబెడితే మూడు నాలుగు రోజుల్లో తెల్లటి వేళ్ళు దిగుతాయి. పొద్దున్నే కొనలు కత్తిరించి మందులో నానబెట్టాలి. మర్నాడు ఒక్క కొన తీసి గాజు పలక మీద పెట్టి, ఎసిటోకార్మిన్ చుక్క, ఆమ్లం చుక్క వేసి స్పిరిట్ దీపం మీద కాస్త వెచ్చబెట్టాలి. అప్పుడు చూడాలి. తెల్లని వేరు చివర ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర మాత్రం కుంకుమ అద్దినట్టు ఎర్రబడుతుంది. అక్కడ కణాలు చిన్నవి, ఒత్తుగా ఉన్నవి, ప్రతి దాని నిండా కేంద్రకమే. ఆ ఎర్రటి ముక్క ఉంచి మిగతాది పారేసి, పైన పలచటి గాజుబిళ్ళ పెట్టి, బొటనవేలితో అదిమితే సూక్ష్మదర్శినిలో పదహారు క్రోమోజోములు విడిపోతూ కనిపిస్తాయి.

ఒక ఏడాది ఓ కుర్రాడు గంటన్నర చూసి, 'సార్, నా ఉల్లిపాయలో విభజన లేదండీ' అన్నాడు. పోయి చూస్తే కణాలు చక్కగా పొడవుగా ఇటుకల్లా ఉన్నాయి, ఒక్కటీ విభజన చెందడం లేదు. వేరు కోశాడు గానీ ఏది కొనో ఏది మొదలో చూసుకోలేదు. కొన పారేసి రెండో చివర అదిమాడు. మార్కులు తగ్గించాను గానీ, ఆ తర్వాత ప్రతి ఏడాదీ మొదటి రోజున అలాగే రెండు పలకలు నేనే తయారుచేసి పక్కపక్కన పెట్టేవాణ్ణి. సెంటీమీటరు తేడాలో ఒకచోట సంత, ఒకచోట నిద్రపోయిన వీధి.

ఆ సంత మధ్యలో కూడా ఒక నిద్ర ఉంది. 1950లలో ఆక్స్‌ఫర్డ్‌లో క్లోవెస్ అనే ఆయన మొక్కజొన్న వేరు కొనలో సరిగ్గా నడిబొడ్డున ఉన్న కొన్ని వందల కణాలు దాదాపు విభజన చెందడం లేదని కనిపెట్టాడు. పక్కనున్న తొడుగు కణాలు పూటకోసారి రెండుగా చీలుతుంటే, ఇవి వారానికి ఒకసారైనా చీలడం అంతంతమాత్రం. నిశ్చల కేంద్రం అని దానికి పేరు. సోమరితనం అనుకోకండి. చుట్టూ ఉన్న కణాలు దెబ్బతిన్నప్పుడు ఇవి మేలుకుని కొత్త కొనను కట్టేస్తాయి. చెసెల్‌స్కీ కోసిన వేళ్ళకు కొత్త కొన రావడం వెనక ఉన్నది ఇలాంటి శక్తే. వాడకుండా పక్కన పెట్టిన విత్తనాల కుండ ఇది.

కణాలు పుట్టినంత మాత్రాన వేరు ముందుకు పోదు. అవి సాగాలి. పుట్టిన కణం నీరు పీల్చుకుని పది రెట్లకు పైగా పొడవవుతుంది. ఆ సాగుడు బలమే కొనను ముందుకు నెడుతుంది. అంటే కొన తనను తాను లాక్కుంటూ వెళ్ళదు, వెనక నుంచి తోస్తే వెళ్తుంది. ఇంట్లో చూడాలంటే, మొలక వేరు మీద నల్ల సిరాతో మిల్లీమీటరుకో చుక్క పెట్టండి. మర్నాటికి కొన వెనక నాలుగైదు చుక్కలు మాత్రమే ఎడంగా జరిగి ఉంటాయి. పైన ఉన్నవన్నీ పెట్టిన చోటే ఉంటాయి. ఇందాక డార్విన్‌ను తీసిపారేసిన సాక్స్ గారు చేసి చూపించిన పనే ఇది. ఆయనకు ఇవ్వాల్సిన గౌరవం ఇక్కడ ఇద్దాం.

ఆ తోపుడు ఎంత? ఫెఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1893లో వేళ్ళను జిప్సం ముద్దలో బిగించి కొలిచాడు. మామూలుగా 5 నుంచి 10 వాతావరణ పీడనాల దాకా ఉంటుంది. కారు టైరులో మనం కొట్టించే గాలి రెండు. దారం లాంటి లేత వేరు కారు టైరుకు మూడు నాలుగింతల ఒత్తిడితో నేలను నెడుతోందన్నమాట. అయినా రావి మొక్క గోడను చీల్చిందంటే కొన వెళ్ళి రాయి పగలగొట్టిందని కాదు. కొన వెతికేది పగులును. దొరికిన సందులోకి దూరుతుంది. తర్వాత వెనకున్న వేరు ఏళ్ళ తరబడి లావెక్కుతూ గోడను విడదీస్తుంది.

సందు దొరకకపోతే? ఏళ్ళ తరబడి దమ్ము చేసిన మాగాణిలో, ట్రాక్టర్లు తొక్కిన చేలో, ఒక జానెడు లోతున గట్టి పొర ఏర్పడుతుంది. పత్తి మొక్క పీకి చూస్తే తల్లివేరు అక్కడి దాకా వచ్చి, ఎల్ అక్షరంలా పక్కకు తిరిగి ఉంటుంది. నెట్టే బలం చాలక ఆగిపోయిందని మేమంతా పాఠం చెప్పేవాళ్ళం. 2021లో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన బిపిన్ పాండే, ఆయన తోటివాళ్ళు వేరే సంగతి బయటపెట్టారు. వేరు కొన ఎప్పుడూ కాస్త ఎథిలీన్ వాయువు వదులుతుంది. అరటికాయలు మాగబెట్టేది అదే వాయువు. గుల్లగా ఉన్న మట్టిలో అది సందుల్లోంచి పోతుంది. గట్టిపడిన మట్టిలో పోయే దారి లేక కొన చుట్టూనే పోగుపడి, పెరగడం ఆపమని వేరుకే చెబుతుంది. ఎథిలీన్‌ను గుర్తించలేని మొక్కల వేళ్ళు అదే గట్టి మట్టిలోకి చొచ్చుకుపోయాయి. అంటే చాలాసార్లు వేరు ఓడిపోయి ఆగడం లేదు, తన వాయువే ఆపమంటే ఆగుతోంది. ముప్పై ఏళ్ళు తప్పు చెప్పానే అని ఆ వ్యాసం చదివిన రోజు కాస్త నొచ్చుకున్నాను.

ఇక తాగే చోటు. సాగడం పూర్తయిన కణాల్లో కొన్ని బయటికి ఒక్కొక్క వెంట్రుకను పంపుతాయి. పుస్తకాల్లో మూలకేశాలంటారు. ఒక వెంట్రుక అంటే ఒకే కణం, మిల్లీమీటరు పొడవున్నా గొప్పే, కొద్ది రోజులో వారాలో బతుకుతుంది. సాగే చోట వెంట్రుకలు ఎందుకు లేవంటే, ఉంటే మట్టికి రాసుకుని తెగిపోతాయి. కదలిక ఆగిన చోటే అవి పుడతాయి. 1937లో అమెరికాలో డిట్మర్ అనే ఆయన గోధుమకు చుట్టమైన రై మొక్కను ఒక్కదాన్ని చిన్న చెక్కపెట్టెలో నాలుగు నెలలు పెంచి, మట్టి కడిగి వేళ్ళు లెక్కపెట్టాడు. వేళ్ళన్నీ కలిపి 620 కిలోమీటర్లకు పైగా, అంటే హైదరాబాదు నుంచి విశాఖపట్నం దాకా. వెంట్రుకలు 1,400 కోట్లు. వాటిని ఒకదాని వెంట ఒకటి పేర్చితే 10,000 కిలోమీటర్లు దాటుతాయి. అడుగు వెడల్పు పెట్టెలో సుమా!

అంత నూగు ఎందుకంటే, నీరు ఎంతో కొంత కదిలి వస్తుంది, నత్రజని నీటితో కొట్టుకొస్తుంది, భాస్వరం మాత్రం మట్టిని పట్టుకుని కదలదు. వేరు చుట్టూ మిల్లీమీటరో రెండో మేర ఉన్నది తినేస్తే అక్కడిక ఖాళీ. కొత్త భాస్వరం కావాలంటే కొన కొత్త మట్టిలోకి వెళ్ళాలి, దాని వెనక కొత్త నూగు రావాలి. అందుకే సూపర్ ఫాస్ఫేటు దుక్కిలో వేయమంటారు, పైపాటుగా చల్లితే దండగ అంటారు. చెట్ల విషయంలోనూ అంతే. మా ఊళ్ళో ఇప్పటికీ మామిడి మొదలు చుట్టూ గుంట తవ్వి అందులో ఎరువు కుమ్మరిస్తారు. మొదట్లో ఉన్నవి ముసలి గొట్టాలు, వాటికి నూగు లేదు. కొనలన్నీ దూరాన కొమ్మల నీడ పడే అంచుల్లో ఉన్నాయి. విస్తరి గుమ్మంలో, మనిషి పెరట్లో.

తాగిన నీరంతా నేరుగా పైకి పోదు. వేరు లోపల అంతశ్చర్మం అనే కణాల వరుస ఉంది. ప్రతి కణం చుట్టూ నీరు చొరని పట్టీ బిగించి ఉంటుంది. రాబర్ట్ కాస్పరీ అనే ఆయన 1865లో వర్ణించాడు కాబట్టి కాస్పేరియన్ పట్టీ అంటారు. కణాల సందుల్లోంచి వచ్చిన నీరు అక్కడ ఆగి, కణం లోపలి నుంచే పోవాలి. ఊరి పొలిమేరలో చెక్‌పోస్టు అనుకోండి. కోనసీమలో కొబ్బరి రైతులకు ఈ చెక్‌పోస్టును తప్పించుకునే ఉపాయం తెలుసు. పురుగు పడితే చెట్టెక్కి మందు కొట్టలేరు. మట్టి తవ్వి పెన్సిలు మందం ఉన్న బతికిన వేరును ఎంచుకుంటారు. చివరను కలం పాళీలా ఏటవాలుగా కోసి, మందు నీళ్ళున్న చిన్న ప్లాస్టిక్ సంచిలో ముంచి మూతి కట్టేస్తారు. మర్నాటికి సంచి ఖాళీ! కొన ఉన్నంతసేపూ అది జీవి, కొన పోయిన క్షణం నుంచి ఒట్టి గొట్టం. అడ్డు లేకుండా మందు ఆకుల దాకా పోతుంది, కాయల్లోకీ పోతుంది. అందుకే ఆ తర్వాత నెలన్నర దాకా కాయ దింపవద్దని గట్టిగా చెబుతారు.

నారు దగ్గరికి వద్దాం. ఆకుమడిలో నారు గుప్పిట పట్టి లాగుతుంటే చిటచిటమని ఒక చప్పుడు వస్తుంది, విన్నారా? అది కొనలు తెగే చప్పుడు. తెగిన కొనలు, నూగు మడిలోనే ఉండిపోతాయి. కట్ట కట్టి తెచ్చేది గొట్టాలనే. ఊడ్చాక వారం రోజులు చేను పాలిపోయి తల వాల్చడానికి కారణం ఇదే. మొదట్లోంచి కొత్త వేళ్ళు పుట్టి, వాటికి కొనలు ఏర్పడి, నూగు వస్తే తప్ప పైరు తాగలేదు. ఆ రోజు వచ్చినప్పుడు మన రైతు మూన తిరిగింది అంటాడు. పుస్తకం రెండు పేజీల్లో చెప్పేదానికి రెండు మాటలు. శ్రీ వరి పద్ధతి 2003 ఖరీఫ్ నుంచి మన రాష్ట్రంలో ప్రచారమైనప్పుడు ఎనిమిది నుంచి పన్నెండు రోజుల నారును మట్టితో సహా పెళ్ళగించి, పైపైన నాటమన్నారు. కూలీలు నవ్వారు. కొన తెగకపోతే మూన తిరగడానికి వారం అక్కర్లేదన్నదే అందులో కిటుకు. మిరప నారును ఇప్పుడు ప్రోట్రేల్లో పెంచడం కూడా అందుకే. ట్రే అడుగున చిల్లులోంచి బయటికొచ్చిన కొన గాలికి ఎండిపోతుంది, దాంతో వెనక పిల్లవేళ్ళు బోలెడు పుడతాయి. పెద్దదిక్కు పోతే పిల్లలు తలా ఒక పని అందుకున్నట్టు.

నేను కూడా ఒకసారి మోసపోయాను. రోడ్డు పక్క నర్సరీలో నా ఎత్తు ఉన్న వేప మొక్క కొని ఇంటి ముందు నాటాను. ఐదేళ్ళు ఏపుగా పెరిగింది. ఒక వేసవి సాయంత్రం గాలివానకు మొదలంటా పడిపోయింది. చూస్తే తల్లివేరు లేదు. ప్లాస్టిక్ కవరు అడుగున కొన తిరిగి తిరిగి చుట్టలు చుట్టుకుంది, అదే చుట్ట లావెక్కి గడియారం స్ప్రింగులా ఉంది. కవరు చించి వేళ్ళు చూసుకోకుండా నాటిన పాపం బోటనీ లెక్చరరుది.

వేరు పేరు పెట్టుకున్న దొంగ ఒకటుంది, చెప్పకుండా ఉండలేను. అనంతపురం చేలల్లో వేరుశనగ పూత రాలాక ఊడలు దిగుతాయి. అచ్చం వేరులాగే బరువును పసిగట్టి కిందికి వంగుతాయి, కొనకు గట్టి కణాల తొడుగు కూడా ఉంటుంది. కానీ అది వేరు కాదు, పువ్వులోని అండాశయం కాడ. కొనలో దాచుకున్నది రేపటి కాయ. మట్టిలో రెండు మూడు అంగుళాలు దిగాక అడ్డం తిరిగి ఊరుతుంది. ఇంకా చిత్రం, ఆ కాయ తనకు కావలసిన కాల్షియం తల్లివేరు పంపితే తీసుకోదు, చుట్టూ మట్టి నుంచి తనే పీల్చుకుంటుంది. ఊడలు దిగే వేళకు ఎకరానికి 200 కిలోల జిప్సం మొదళ్ళ దగ్గర వేయమనేది అందుకే.

సమయం అయిపోయిందని అద్దం అవతలి నుంచి సైగ చేస్తున్నారు. మా సీసా పడుకుని నాలుగు గంటలు దాటింది. ఇంటికి వెళ్ళేసరికి పెసర వేళ్ళు నాలుగూ కిందికి తిరిగి ఉంటాయి. మీరు కూడా చేసి చూడండి. వంపు ఎక్కడొచ్చిందో జాగ్రత్తగా గమనించండి. కొనలో రాదు, కొనకు మూడు నాలుగు మిల్లీమీటర్లు వెనక వస్తుంది.